షాంపేన్ పొంగింది, దుమ్ము మిగిలింది

రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువుగట్టుకు సాయంత్రం షికారుకొచ్చేవారు తలెత్తి చూస్తే కనిపించే నక్షత్రాలు కొన్నే. ఊరి దీపాలు, గాల్లోని దుమ్ము చూపుకు అడ్డం. అయితే అత్యంత తేటైన ఆకాశం ఉండే దక్షిణ ధ్రువం నుంచి చూసిన శాస్త్రవేత్తలనూ దుమ్మే బోల్తా కొట్టించింది. కాకపోతే అది పాలపుంత దుమ్ము.

విశ్వం తొలి క్షణంలోనే అమాంతం ఉబ్బిపోయిందంటుంది 'ఇన్‌ఫ్లేషన్' సిద్ధాంతం. (ధరల పెరుగుదలకూ ఇదే మాట. ఇక్కడ వేగం మరీ ఎక్కువ.) ఆ ఉబ్బులో పుట్టిన గురుత్వ తరంగాలు, ఇప్పటికీ ఆకాశమంతా పరుచుకుని ఉన్న ఆదిమ మైక్రోవేవ్ వెలుగులో సుడుల్లాంటి ముద్ర వేయాలి. పదార్థపు హెచ్చుతగ్గులతో పోలిస్తే ఆ తరంగాల బలమెంతో చెప్పే నిష్పత్తి పేరు 'ఆర్'. అది 0.2 అని 2014 మార్చి 17న బైసెప్-2 బృందం ప్రకటించింది. స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రే లిండే ఇంటి తలుపు తట్టి ఈ కబురు చెప్పడం, షాంపేన్ తెరవడం వీడియోలో లోకమంతా చూసింది. 1983లో ఆయన చెప్పిన సరళమైన నమూనాకు ఆ అంకె దగ్గరగా ఉంది మరి.

ఏడాది తిరక్కుండానే కథ అడ్డం తిరిగింది. బైసెప్-2 చూసింది ఒకే పౌనఃపున్యంలో. అలా చూస్తే ధూళి వెలుగేదో, ఆదిమ వెలుగేదో విడదీయడం కష్టం. ప్లాంక్ ఉపగ్రహ కొలతలను జోడిస్తే, గురుత్వ తరంగాలకు ఆధారమేమీ మిగల్లేదని 2015 జనవరిలో తేలింది. 2021 నాటికి 'ఆర్' 0.036 లోపేనని అదే ధ్రువం నుంచి ఖాయమైంది. లిండే సరళ నమూనాకు కనీసం 0.13 కావాలి. దాని పని అయిపోయినట్టే.

నిలిచినవాటిలో ముఖ్యమైనది సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ స్టారోబిన్‌స్కీ 1980లో, అంటే అలన్ గూత్ ప్రసిద్ధ వ్యాసానికి ఏడాది ముందే, ప్రతిపాదించిన నమూనా. దాని లెక్కలో 'ఆర్' సుమారు 0.004. రెండో పరీక్ష, అలల బలం పరిమాణాన్ని బట్టి ఎలా మారుతుందో చెప్పే సూచీ. ప్లాంక్ 2018లో ఇచ్చిన 0.965 ఈ నమూనాకు అతికినట్టు సరిపోయింది. 2023 డిసెంబరులో స్టారోబిన్‌స్కీ కన్నుమూశారు. 2025లో చిలీలోని అటకామా టెలిస్కోపు కొలతలను ఇతర సర్వేలతో కలిపితే సూచీ 0.974కు జరిగింది. తేడా చిన్నదే, కానీ ఆ నమూనాకు ఇబ్బందికరమైనదే.

ఒకటి పోతే మరో నమూనా పుట్టుకొస్తుంటే సిద్ధాంతాన్ని తప్పని తేల్చేదెలా? ఈ ప్రశ్న వేసే పాల్ స్టైన్‌హార్ట్ ఒకప్పుడు దాన్ని నిర్మించినవారిలో ఒకరు. కాబట్టి కొట్టిపారేయలేం. 'ఆర్'ను 0.001 స్థాయి దాకా వెతకాలన్నది జపాన్ సారథ్యంలోని లైట్‌బర్డ్ ఉపగ్రహం లక్ష్యం. ఈసారి పలు పౌనఃపున్యాల్లో చూస్తారు. ముందు దుమ్ము లెక్క తీసేయాలి కదా.