విశాఖరేవు – విహారనౌకలు

చెరువు నిండిన కప్పలు తామే చేరునని మన పెద్దల సామెత. రేవుల విషయమున ఈ సామెత చెల్లదు. బెర్తు గట్టి, భవనము లేపి, తోరణములు వ్రేలాడదీసినంతమాత్రమున ఓడలు వచ్చి చేరవు. విశాఖపట్టణమున 96 కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి నిర్మించిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో కేంద్ర నౌకాయానమంత్రి శ్రీ సర్బానంద సోనోవాల్ ప్రారంభించిరి. రెండువేలమంది ప్రయాణికులకు వసతి గూర్పగల కట్టడమది. 2024 ఏప్రిల్ నెలలో ‘ది వరల్డ్’ అను విదేశీయనౌక వచ్చి పోయెను. 2025 జూలైలో ‘ఎంప్రెస్’ అను విహారనౌక చెన్నై, విశాఖ, పుదుచ్చేరి మార్గమున వచ్చెను. ఓడ వచ్చిన దినము నగరమునకు పండుగయే. కాని సంవత్సరమునకు 365 దినములు గలవు. వానిలో ఓడ రాని దినములే మిక్కిలి యెక్కువ. విశాఖ విహారనౌకల రేవుగా నిలదొక్కుకొనగలదా యను ప్రశ్నను ఉత్సాహమునకుగాని నిరుత్సాహమునకుగాని లోనుగాక విచారింపవలసిన సమయము వచ్చినది.

రంగారెడ్డిజిల్లా కొంగరకలాన్ వంటి మెట్టనేలల పాఠకునకు ఈ ఓడల గొడవ యెందులకని కొంద ఱడుగవచ్చును. సముద్రము అచ్చటికి వందలకొలది కిలోమీటర్ల దూరమున నున్నమాట నిజమే. అయినను ఈ ప్రశ్నకు సమాధానమును తీరముననేగాక ఆ మెట్టనేలలయందును వెదకవలసియున్నదని మా యభిప్రాయము. కారణము ముందు తేటపడగలదు.

తూర్పుతీరమునకు ప్రయాణికుల ఓడలు క్రొత్తవి కావు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున కాకినాడ, విశాఖ, భీమునిపట్టణములనుండి తెలుగువారు వేలకొలదిగా పొగయోడలెక్కి, డెక్కుమీద ఎండకు వానకు నోర్చి, కూలికై రంగమునకు, అనగా బర్మాలోని రంగూన్ నగరమునకు, పోయిరి. 1933 అక్టోబరు 7వ తేదీన విశాఖ రేవున తొలుత ప్రవేశించిన ఓడ స్వదేశీయమైన సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’. ఆ కంపెనీవారే స్థాపింపదలచిన ఓడల కర్మాగారమునకు 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన మొనర్చిరి. 1948 మార్చి 14వ తేదీన పండిత జవహర్లాల్ నెహ్రూ అచ్చటనే ‘జల ఉష’కు జలప్రవేశము చేయించిరి. దరిమిలా హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారిన ఆ కర్మాగారముననే అండమాను యాత్రికులకై ‘స్వరాజ్ ద్వీప్’ అను ఓడ నిర్మింపబడినది. విశాఖనుండి పోర్టుబ్లెయిరునకు ప్రయాణికుల ఓడలు దశాబ్దములపాటు నడచినవి. ఈ చరిత్ర మనకు బోధించున దొక్కటియే. ప్రయాణికుడున్నాడు గనుక ఓడ వచ్చినది. ప్రయాణికు డెవ్వడో తేల్చుకొనక కట్టిన రేవునకు ఓడ రాదు.

విహారనౌకలు తాకు రేవులు రెండు విధములు. యాత్ర మొదలై ముగియు రేవు ఒకటి. నడుమ నొకపూట యాగి పోవునది రెండవది. మొదటిదానివలననే నగరమునకు లాభ మధికము. ప్రయాణికులు ముందురాత్రి వచ్చి బస చేయుదురు. ఓడకు కావలసిన కూరగాయలు, పాలు, మంచినీరు అచ్చటనే కొనబడును. రెండవ విధమున చూడబోయినచో విశాఖకు భూగోళమే ప్రతికూలముగా నున్నది. సూయజ్ కాలువనుండి కొలంబోమీదుగా సింగపూరు పోవు మహామార్గమునకు కొచ్చి రేవు చేరువ. విశాఖకు రావలెనన్న ఓడ ఆ మార్గమును విడిచి బంగాళాఖాతమున చాలదూరము పైకి రావలయును. మార్గమధ్యమున దొరకు అతిథియని విశాఖ ఎదురుచూచుటకు వీలులేదు.

ఋతువులును చిక్కు పెట్టుచున్నవి. జూన్ మొదలు సెప్టెంబరువఱకు నైరృతిపవనములచే పడమటి సముద్రము కల్లోలముగా నుండును. ముంబై, గోవా తీరమున తిరుగు ఓడ అప్పుడు తూర్పుతట్టునకు మరలును. ‘ఎంప్రెస్’ 2022లో జూన్ నెలయందును, 2025లో జూలైయందును విశాఖకు వచ్చుటకు ఇదియే ముఖ్యకారణముగా దోచుచున్నది. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీ హుద్‌హుద్ విలయమును విశాఖవాసులు మఱువలేదు. పిదప వచ్చు శీతకాలమే మన తీరమున విహారమునకు అనువైనది. కాని అప్పటికి ఆ ఓడ పడమటితీరమున తీరిక లేక యుండును. ఒరుల కోత ముగిసిన చేనిలో పరిగె యేరుకొనునట్లు మనకీ యోడ లభించుచున్నది. పరిగెతో గాదె నిండునా?

ఓడ దిగినవానికి నగర మేమి చూపగలదు? అరకులోయ 110 కిలోమీటర్లకు పైబడిన దూరము, అందును కొండదారి. ఉదయము దిగి సాయంకాలము ఓడ నెక్కవలసినవాడు అచ్చటికి పోయివచ్చుట ఆయాసమే గాని విహారము కాదు. సింహాచలము, తొట్లకొండ, బావికొండ బౌద్ధావశేషములు, భీమునిపట్టణమున డచ్చివారి సమాధులు, సముద్రపుటొడ్డున ‘కుర్సురా’ జలాంతర్గామి, ఇవి చేరువనున్నవి. ఒక పగటికి చాలినవి. అయితే విశాఖరేవు బొగ్గు, ఇనుపరాయి మోయు రేవు. ఆ దుమ్ము తమ యిండ్లపై బడుచున్నదని నగరవాసులు బహుకాలముగా మొఱపెట్టుచున్నారు. అతిథి తెల్లని ఓడపై బడినప్పుడు మాత్రమే దుమ్ము దుమ్ముగా గనబడుట న్యాయము కాదు. నిత్యము పీల్చు పౌరునికొఱకు దానిని మాన్పిన, అతిథి సుఖము దానియంతట నదియే సమకూరును.

లాభ మెవ్వరిదను విచారణ మఱింత ముఖ్యము. విహారనౌక యనగా నీటిమీది హోటలు. భోజనము, అంగళ్లు, ఆటపాటలు, పానములు అన్నియు నందే యున్నవి. ప్రయాణికుని ద్రవ్యము విశేషముగా ఓడలోనే వ్యయమగును. గట్టునకు దిగిన కొన్నిగంటలలో ఖర్చుపెట్టునది మాత్రమే నగరమునకు దక్కును. ఇక జూదశాలలున్న వను కారణమున 2022 జూన్‌లో పుదుచ్చేరి ప్రభుత్వము ఈ యోడకు అనుమతి నిరాకరించిన సంగతి పాఠకులకు విదితమే. జూదమువలని యాదాయముపై ఏ రేవును గౌరవముగా నిలువజాలదు. ఏటికొప్పాక లక్కబొమ్మలు, పొందూరు ఖద్దరు, అరకు గిరిజనులు పండించు కాఫీ టెర్మినల్‌లో మొట్టమొదట కంటబడవలయును. ఆ యంగళ్లను పెద్దవర్తకులకుగాక నేసినవారి, చెక్కినవారి సహకారసంఘములకే యొసగవలయును.

ఒక్కమాట కఠినముగా చెప్పక తప్పదు. టెర్మినల్ ప్రారంభమైన రెండుమాసములకు, 2023 నవంబరులో, అదే నగరపు చేపలరేవున అగ్నిప్రమాదము సంభవించి పదులకొలది పడవలు దగ్ధమైనవి. ఎన్నడో వచ్చు అతిథికి చలువభవనము గట్టగలిగిన మనము ప్రతిదినము సముద్రముపై బ్రతుకు మత్స్యకారుని పడవకు రక్షణ గల్పింపలేమా? రేవు నగరమున మొదటి హక్కు వానిది.

ఇప్పుడు కొంగరకలాన్ మాటకు మరలుదము. అచ్చట 2022లో రంగారెడ్డి జిల్లా కలెక్టరు కార్యాలయభవనము తెఱువబడినది. 2023లో ఎలక్ట్రానిక్ పరికరముల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. హైదరాబాదు నగరము చుట్టును ఇట్లు మారుచున్న గ్రామము లనేకములు. జీతము, సెలవుదినములు, దేశము చూడవలెనను కోరిక గల కుటుంబములు అచ్చట పెరుగుచున్నవి. అవి నేడు గోవాకు పోవుచున్నవి. 2023 జనవరినుండి సికింద్రాబాదు–విశాఖల నడుమ వందేభారత్ రైలు సుమారు 700 కిలోమీటర్లను ఎనిమిదిన్నర గంటలలో దాటుచున్నది. విశాఖ ఎదురుచూడవలసిన ప్రయాణికుడు ఈ రైలు దిగువాడే. విదేశీయుడు వచ్చిన సంతోషమే; రాకున్నను రెండు తెలుగు రాష్ట్రముల కుటుంబములు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతములవారు ఈ రేవును పోషింపగలరు. అయితే వీరికై చెన్నపురియు పోటీపడుచున్నది. 2023 జూన్‌లో శ్రీలంకకు విహారయాత్రలు అచ్చటినుండియే యారంభమైనవి. మనము నిదురించినచో మన ప్రయాణికుడు దక్షిణపు రైలెక్కును.

కావున చేయవలసినవి స్పష్టము. ఓడ నడుపువారితో ముందుగా ఒప్పందము చేసికొని, శీతకాలమున విశాఖనుండియే మొదలై విశాఖలోనే ముగియు యాత్రల తేదీలను సంవత్సరము ముందుగానే ప్రకటింపవలయును. రైలు టిక్కెట్టును ఓడ టిక్కెట్టును ఒక్కచోటనే లభింపజేయవలయును. అండమాను యాత్రను నిర్ణీతదినములలో సామాన్యుని కందుబాటు ధరకు నడుపవలయును. తూర్పు నౌకాదళమునకు స్థావరమైన రేవున భద్రతానియమములు తప్పవు. వానిని ముందుగా తెలిపిన ఎవ్వరికిని కష్టము కలుగదు. ఓడలు లేని దినములలో ఆ విశాలభవనమును ప్రదర్శనములకు, సభలకు వినియోగింపవలయును.

అన్నింటికంటె ముఖ్యముగా, ప్రతి సంవత్సరము ఎన్ని ఓడలు వచ్చినవి, ఎందఱు దిగిరి, రేవునకు వచ్చినదెంత, వ్యయమైనదెంత యను లెక్కను ప్రజల యెదుట నుంచవలయును. కేంద్రప్రభుత్వమువారు 2024 సెప్టెంబరు 30వ తేదీన ‘క్రూజ్ భారత్’ ప్రణాళికను ప్రారంభించి, విహారయాత్రికుల సంఖ్యను ఐదేండ్లలో రెట్టింపు చేయుదుమని ప్రకటించిరి. ఆ రెట్టింపులో విశాఖ పాలెంతయో ఇంతవఱకు ఎవ్వరును విప్పి చెప్పలేదు. ప్రజాధనముతో కట్టిన రేవు ఫలించినదా యనుటకు ప్రారంభోత్సవ శిలాఫలకము సాక్ష్యము కాదు. రేవున దిగిన ప్రయాణికుల పట్టికయే సాక్ష్యము. విశాఖ విజయము పొందగలదని మేము నమ్ముచున్నాము. ఆ నమ్మకము వమ్ముగాకుండ రేవు అధికారులును, రెండు ప్రభుత్వములును ఈ శీతకాలముననే కార్యమునకు గడంగుదురుగాక!