శంఖానికి పూజ.. శిలాజానికి క్రషర్
గోదావరి తీరాన ప్రాచీన సముద్రపు ఆనవాళ్లకు రక్షణ కరవు

సికింద్రాబాద్: మోండా మార్కెట్‌లోని పూజా సామగ్రి దుకాణంలో శంఖం కొనే భక్తుడు దానిని చెవికి ఆనించి చూస్తాడు, ఊది పరీక్షిస్తాడు. మన్నార్ సింధుశాఖ వంటి చోట్ల జీవించే ఒక సముద్రపు నత్త సున్నపు పదార్థంతో మెలికలుగా కట్టుకున్న గూడే ఆ శంఖం. పూజామందిరంలో దాని పక్కన ఉండే సాలగ్రామం నేపాల్‌లోని గండకీ నదిలో లభించే శిలాజం. నత్తలకు దూరపు బంధువైన అమ్మోనైట్ అనే సముద్రజీవి ముద్ర అందులో నిలిచి ఉంటుంది. అంటే శిలాజాన్ని గౌరవించడం తెలుగువారికి కొత్త కాదు.

అయితే సొంత నేలలోని శిలాజాలకు ఆ గౌరవం దక్కడం లేదు. తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలం దుద్దుకూరు, గౌరీపట్నం పరిసరాలలో నల్లరాతి పొరల అడుగున, నడుమన సున్నపురాయి ఉంది. దుద్దుకూరు పొరలలో మరమేకులా మెలితిరిగిన టరిటెల్లా అనే సముద్రపు నత్త గుల్లలు లభిస్తాయి. ఒకనాడు ఇక్కడిదాకా సముద్రం ఉండేదనడానికి ఇవే సాక్ష్యం. రాజమహేంద్రవరం ప్రాంతపు గుల్లల శిలాజాలను స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే వర్ణించారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం 2008లో ఇక్కడి క్వారీల పొరలలోని సూక్ష్మజీవుల శిలాజాల ఆధారంగా కీలక పరిశోధన ప్రచురించింది. 6.6 కోట్ల సంవత్సరాల క్రితం రాక్షసబల్లులు, అమ్మోనైట్లు అంతరించిన కాలానికి దక్కను లావా ప్రవాహాలతో గల సంబంధాన్ని అది చర్చించింది.

చిక్కు ఏమిటంటే, ఈ పొరలను వెలుగులోకి తెచ్చినవీ క్వారీలే, మింగివేయగలిగినవీ అవే. కంకర రోడ్లకు, ఇళ్లకు అవసరమే. కానీ ఒకసారి పిండి అయిన శిలాజం తిరిగి రాదు. సముద్రంలో బతికే కొన్ని గుల్లజీవులను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి తెచ్చారు. శిలాజాలకు అటువంటి కవచం లేకపోవడంతో కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ స్థలాల పరిరక్షణ బిల్లు ముసాయిదాను విడుదల చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మంగంపేట ముగ్గురాయి నిక్షేపం, తిరుమల శిలాతోరణం, విశాఖ ఎర్రమట్టి దిబ్బలకు భూవారసత్వ గుర్తింపు ఉంది. దుద్దుకూరు ఆ జాబితాలో లేదు.

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. క్వారీలన్నింటినీ మూయనక్కరలేదు. గుల్లలున్న ఒక్క గోడనైనా తవ్వకుండా వదిలి, కంచె వేసి, వివరాల బోర్డు పెట్టి, నమూనాలను సమీప కళాశాలలకు అందజేస్తే చాలు. అందుకు ఎంతో వ్యయం కాదు. జాప్యం జరిగితే మాత్రం కాపాడుకోవడానికి ఆ గోడ మిగలకపోవచ్చు.