ముంపు ఊళ్ల మీదుగా షికారు దారులు

హైదరాబాద్ నుంచి ఆదివారాలు గేర్ల సైకిళ్లు వేసుకుని నల్లమల దాకా వచ్చేవాళ్లు ఇప్పుడు మనకు కొత్త కాదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి, ఫరహాబాద్, వట్వర్లపల్లి, దోమలపెంట మీదుగా ఘాట్ దిగి డ్యామ్ చేరతారు. అవతల సున్నిపెంట ఎక్కి దోర్నాల, అక్కడి నుంచి అడవిలోంచి ఆత్మకూరు, సంగమేశ్వరం. అక్కడ కృష్ణ అడ్డం. పడవ ఎక్కితే ఇటు సోమశిల, కొల్లాపూర్. శ్రీశైలం జలాశయం చుట్టూ కొండలు, అడవి, ఊళ్లు కలిపి ఒక చుట్టు. మంచి దారే, కాదనం. కాళ్లతో తొక్కి వచ్చేవాడి మీద మనకు కోపం ఎందుకుంటుంది? సైకిల్ మీద పాల క్యాన్లు మోసినవాళ్లం, ఎరువు బస్తా వేసుకుని నడిపించుకుంటూ వచ్చినవాళ్లం మనమే.

మన తగాదా పాలకులతో. ఈ జలాశయం చుట్టూ వాళ్లు గీస్తున్న దారులన్నీ చూడటానికి వచ్చేవాడి కోసం గీస్తున్నవి. బతకడానికి ఉన్నవాడు ఆ పటంలో ఎక్కడా కనపడడు.

ఏటా ఆగస్టులో నీటిమట్టం 885 అడుగులకు చేరిందని, గేట్లు ఎత్తారని పేపర్లలో రంగుల ఫొటోలు వేస్తారు. ఆ 885 అడుగుల కింద వందకు పైగా ఊళ్లున్నాయి. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు లక్ష మంది ఇళ్లు వదిలారు, దాదాపు లక్ష ఎకరాలు మునిగాయి. 1981 వేసవిలో ఖాళీ చేయించిన తీరుకు అధికారులు పెట్టుకున్న పేరే 'ఆపరేషన్ డిమాలిషన్'. బుల్డోజర్లు తెచ్చి, పోలీసులను పెట్టి గోడలు కూల్చారు. అదే ప్రాజెక్టు కింద మునిగే గుళ్లను మాత్రం రాయి రాయికీ అంకె వేసి, విప్పి, మోసుకుపోయి మళ్లీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురం చేరింది. గుళ్లను కాపాడినందుకు సంతోషమే. అంత ఓపిక ఉన్న ప్రభుత్వానికి మనుషుల ఇళ్ల దగ్గరకు వచ్చేసరికి బుల్డోజర్ తప్ప ఇంకోటి దొరకలేదా అన్నదే ప్రశ్న.

1986లో జీవో 98 వచ్చింది. ముంపుకు గురైన కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ జీవో కాగితం చేత పట్టుకుని తిరిగిన కొడుకులకు వయసు మళ్లింది. వాళ్ల పిల్లలు అదే కాగితం జిరాక్సులతో కొల్లాపూర్‌లోనూ నందికొట్కూరులోనూ ధర్నాలకు వస్తున్నారు. రాష్ట్రం విడిపోయాక ఫైలు మీద ఇంకో సాకు దొరికింది: ఎవరి బాధితుడు ఎవరివాడు? (నీటి పంపకాల తగవు ఇక్కడ ఎత్తుకోను. ఒడ్డు ఏదైనా మునిగినవాడు రైతే.)

ఇప్పుడు డబ్బుల లెక్క చూద్దాం. కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో పాత మహబూబ్‌నగర్ జిల్లాకు పర్యావరణ పర్యాటక సర్క్యూట్ మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, ఈగలపెంట, అక్కమహాదేవి గుహలు దానిలో ఉన్నాయి. మొత్తం 91.62 కోట్లు. కాటేజీలు, వ్యూ పాయింట్లు, పడవ షికార్ల కోసం.

అదే కేంద్రం 2022లో తెలంగాణ ప్రభుత్వానికి నోటీసు పంపింది. ఉపాధి హామీ డబ్బుతో పొలాల్లో కల్లాలు కట్టించడం నిబంధనలకు విరుద్ధం, సుమారు 151 కోట్లు వెనక్కి కట్టండి అని. పంట ఆరబోసుకునే సిమెంటు గచ్చు దుర్వినియోగం అట, కొండ మీద కూర్చుని నీళ్లు చూసే గచ్చు అభివృద్ధి అట. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ప్రతి ఊళ్లో చదివి వినిపించాలి.

కల్లం లేనివాడు ఏం చేస్తాడు? రోడ్డు మీద పోస్తాడు. మొక్కజొన్న, వడ్లు, వేరుశనగ ఏదైనా సరే, తారు రోడ్డుకు సగం మేర పరిచి, అంచున రాళ్లు పెట్టి, రాత్రి పరదా కప్పి పక్కనే పడుకుంటాడు. ప్రమాదమే, తెలుసు. చీకట్లో ఆ రాళ్లు తగిలి బండ్ల మీద వచ్చేవాళ్లు పడి చనిపోయిన ఘటనలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. చనిపోయినవాళ్లలో రైతు బిడ్డలూ ఉన్నారు. సన్న టైర్ల సైకిల్ మీద ఘాట్ దిగి వచ్చేవాడికైతే చెప్పనే అక్కర్లేదు. పోలీసులు ఏటా వచ్చి కేసు పెడతామంటారు. సైకిల్ దారి అని బోర్డు పెట్టిన రోజున ఆ కేసులు ఇంకా పెరుగుతాయి, రాసిపెట్టుకోండి. రోడ్డు మీద గింజ పోయొద్దని చెప్పే ముందు, గింజ పోసుకునే చోటు చూపించాలి. సైకిలిస్టుకు భద్రత కావాలన్నా ముందు కట్టాల్సింది కల్లమే. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు వేశారు. వడ్ల మీద కప్పడానికి టార్పాలిన్లు అడిగితే మాత్రం స్టాకు లేదంటారు.

ఇక నది దాటే సంగతి. 2007 జనవరిలో ఈ వెనుక జలాల్లోనే పడవ మునిగి 61 మంది చనిపోయారు. రోడ్డు మీదుగా పోవాలంటే పెబ్బేరు, కర్నూలు తిరిగి నూరు కిలోమీటర్లు దాటిన చుట్టు కాబట్టి జనం పడవలే ఎక్కుతారు. బంధుత్వాలు, పనులు, పశువుల బేరాలు అన్నీ రెండు ఒడ్ల మధ్యా ఉన్నాయి. వంతెన కోసం అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాం. 2022 అక్టోబరులో కేంద్ర మంత్రి గడ్కరీ సోమశిల, సిద్దేశ్వరం మధ్య తీగల వంతెన మంజూరైందని ప్రకటించారు. 1,082 కోట్లు, 30 నెలల్లో పూర్తి అన్నారు. ప్రకటనలో అన్నిటికంటే గొప్పగా చెప్పుకున్నది అద్దాల నడకదారి. ఆ 30 నెలలు 2025 వేసవి నాటికే దాటిపోయాయి. మనం అడిగింది ట్రాక్టరు, అంబులెన్సు పోయే వంతెన. అద్దాలు పెట్టుకుంటే పెట్టుకోండి, ముందు వంతెన నిలబెట్టండి. విచిత్రం ఏమిటంటే సైకిల్ మీద చుట్టు తిరిగేవాడికీ మనకూ ఒకే చోట దారి తెగింది. ఈ ఒక్క విషయంలో వాళ్లను కూడా మన అర్జీ మీద సంతకం పెట్టమని అడగవచ్చు, సిగ్గుపడాల్సిన పని లేదు.

దారి అందంగా ఉందని పేరు పడగానే ముందు వచ్చేది సైకిల్, వెనకాల వచ్చేది కారు, ఆ వెనకాల బ్రోకరు. నీళ్లు కనపడే ఎత్తు మీద మెట్ట భూమి ఎవరిదని ఆరా తీస్తాడు. ముంపులో మాగాణి పోగొట్టుకుని గట్టు మీదికి వచ్చినవాడికి మిగిలింది ఆ మెట్టే. ఇంకొందరు నీళ్లు వెనక్కి తగ్గాక తేలిన ఒండ్రు నేలలో నాలుగు నెలల పంట తీస్తారు. ఒకప్పటి తమ సొంత పొలమే అయినా చేతిలో పట్టా ఉండదు. పట్టా లేదు గనుక బ్యాంకు అప్పు లేదు, పెట్టుబడి సాయం లేదు, వాన ముందే వచ్చి మట్టం పెరిగితే నష్టం రాసుకునే నాథుడూ లేడు. రేపు ఆ ఒడ్డునే గుడారాలు, పడవల రేవు అంటే వాళ్లను ఆక్రమణదారులు అంటారు.

భూసేకరణ చట్టం గురించి ఒక మాట తెలిసి ఉండాలి. 2013 చట్టంలో ప్రజా ప్రయోజనాల జాబితాలో పర్యాటకం కూడా ఉంది. కానీ ప్రైవేటు హోటళ్లను అదే చట్టం పేరు పెట్టి మినహాయించింది. ఎవరైనా అధికారి వచ్చి టూరిజం కోసం భూమి అంటే, కట్టేది ఎవరు, నడిపేది ఎవరు అని రాతపూర్వకంగా అడగండి. సామాజిక ప్రభావ అంచనా చేశారా అని కూడా అడగండి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో సవరణలు చేసుకుని కొన్ని ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచి తప్పించుకునే సందు పెట్టుకున్నాయి. సందు ఉందని అన్ని ప్రాజెక్టులూ అందులోంచి దూరడానికి వీల్లేదు.

టూరిజం వస్తే మీ పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి కదా అంటారు. ఏ ఉద్యోగాలు? భూమి ఉన్నవాడి కొడుకు అదే భూమిలో లేచిన రిసార్టు గేటు దగ్గర నిలబడి కార్లకు సెల్యూట్ కొట్టడమా? కొల్లాపూర్ మామిడికి అంత పేరుంది, రోడ్డు పక్కన నీడ పట్టున కాయ అమ్ముకునే షెడ్డు ఒక్కటి మహిళా సంఘాలకు ఇవ్వమనండి. వచ్చిన సైకిలిస్టుకు మామిడి కాయ, జొన్న రొట్టె, చల్ల మన ఆడవాళ్లే అమ్మగలరు. దానికి కోట్లు అక్కర్లేదు, అందుకే ఏ ప్రతిపాదనలోనూ అది ఉండదు.

ఒడ్డు మీది ఊళ్లలోని మన శాఖలు వచ్చే గ్రామసభల్లో ఈ తీర్మానాలు పెట్టించాలి. జలాశయం చుట్టూ ఏ పర్యాటక దారి, ఏ కట్టడం ప్రతిపాదించినా ముందు గ్రామసభలో పెట్టాలి. ఆ దారి మీద పడే ప్రతి ఊరికీ మొదట కల్లాలు, వాగుల మీద కల్వర్టులు, పొలాలకు పోయే మట్టి బాటలు కావాలి. జీవో 98 పెండింగు జాబితాను రెండు ప్రభుత్వాలూ ఊరి పేర్లతో సహా ప్రకటించాలి. ఒండ్రు నేల సాగు చేసుకునేవాళ్ల పేర్లు సాగుదారులుగా నమోదు కావాలి. తీర్మానం నకలు మీద పంచాయతీ కార్యదర్శి సంతకం, తేదీ, ముద్ర లేకుండా బయటికి రాకండి. ఒక కాపీ సంఘం జిల్లా ఆఫీసుకు పంపండి.