శకునిదీ నైపుణ్యమే

పోకర్ ఆడేవాళ్ళ మీద నాకు కోపం లేదు. పోకర్ ఆడుతూ, పేకాటరాయుళ్ళని చూసి మొహం చిట్లించేవాళ్ళ మీద ఉంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళలో శనివారం రాత్రి ఎవరో ఒకరి ఫ్లాట్‌లో టేబుల్ పడుతుంది. రంగురంగుల చిప్స్, టెక్సస్ హోల్డెమ్, చివర్లో యూపీఐలో లెక్కలు. దాన్ని జూదం అని చూడండి, ఎంత నొచ్చుకుంటారో! అది డెసిషన్ మేకింగ్ అట. మైండ్ స్పోర్ట్ అట. అవే యాభై రెండు ముక్కలు మాచర్ల దగ్గరో గురజాల దగ్గరో చెట్టు కింద పంచితే మర్నాడు జిల్లా పేజీలో వార్త. పేకాట శిబిరంపై దాడి, ఇంతమంది అరెస్టు, ఇంత నగదు స్వాధీనం. ముందు తలలు వంచుకుని కూర్చున్నవాళ్ళు, వెనక నిలబడ్డ పోలీసులు, బల్ల మీద ముక్కలూ నోట్లూ సెల్‌ఫోన్లూ. మాది నరసరావుపేట. ఈ ఫోటో చూస్తూనే పెరిగాను. ఇలాంటి ఫోటోలో ఐటీ కంపెనీ ఐడీ కార్డు వేసుకున్నవాడు మాత్రం నాకు ఇంతవరకూ కనపడలేదు.

ఈ తేడాకి మనవాళ్ళు పెట్టుకున్న పేరు నైపుణ్యం. గేమ్ ఆఫ్ స్కిల్.

ఈ వాదన కోర్టులో గెలిచింది మన సికింద్రాబాద్ కేసులోనే. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, కింద పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అన్నారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం గుంజుతున్నట్టు రుజువైతే నేరం నిలబడొచ్చని. రమ్మీ యాప్‌లు మొదటి సగాన్ని ఏళ్ళ తరబడి ప్రకటనల్లో ఊదరగొట్టాయి. రెండో సగం ఏ సినిమా హీరో నోటా నేను వినలేదు.

సరే, నైపుణ్యమే అనుకుందాం. అయితే ఏంటి? నైపుణ్యం ఉంటే ఆట మంచిదైపోతుందా? నాకైతే సరిగ్గా తిరగేసి కనిపిస్తుంది. లోపలా బయటా ఆడితే తెలివైనవాడూ తెలివితక్కువవాడూ ఒకేలా ఓడతారు. ఇవాళ పోయింది రేపు రావచ్చు. నైపుణ్యం పెరిగేకొద్దీ చేతకానివాడి ఓటమి ఖాయమవుతూ వస్తుంది. చట్టం నైపుణ్యానికి మినహాయింపు ఇచ్చిందంటే గెలిచేవాడికి ఇచ్చినట్టు, ఓడేవాడికి ఒరిగిందేమీ లేదు. భారతంలో చూడండి. ధర్మరాజుకి జూదం ఇష్టమే గానీ ఆడటం రాదని శకునికి తెలుసు, ఆ ధైర్యంతోనే దుర్యోధనుడికి మాటిచ్చాడు. మాయాజూదం అంటారు, కావచ్చు. మాయ పక్కన పెట్టినా ఆ రోజు గెలవాల్సింది శకునే. ఇవాళ్టి భాషలో అతనిది స్కిల్. నలుడి కథ కూడా అంతే: ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాకే పుష్కరుణ్ణి ఓడించి రాజ్యం తెచ్చుకోగలిగాడు.

లెక్క వేసి చూద్దాం, నా వృత్తి అదే కదా. ఇద్దరు చెరో వంద పెట్టారు. యాప్ పది శాతం కోసుకుంటుందనుకోండి. రెండొందల్లో ఇరవై పోయి గెలిచినవాడికి 180 వస్తుంది. ఇద్దరూ సమానంగా ఆడేవాళ్ళయితే ఒక్కో ఆటకి సగటున చెరో పది రూపాయలు గాలికి పోతాయి. లేదు, మీరు మెరుగైన ఆటగాడు, నూటికి 55 గెలుస్తారు. 55 సార్లు 180 అంటే 9,900. మీరు పెట్టింది 10,000. మెరుగ్గా ఆడి వంద నష్టం! లాభం చూడాలంటే 56 గెలవాలి. అప్పుడు మీ ఎదుటివాడికి మిగిలేవి 44, వాడికి రెండు వేల పైన బొక్క. మీకొచ్చింది ఎనభై రూపాయలు, యాప్‌కి రెండు వేలు.

మా చుట్టాల్లో ఒకాయన మిరప డబ్బులు ఇలాగే పోగొట్టుకున్నాడు. "ఉత్త అదృష్టం ఆటైతే ఎప్పుడో మానేసేవాణ్ణి తమ్ముడూ. బాగా ఆడతానని తెలుసు, అదే నా కొంప ముంచింది" అన్నాడు నాతో. స్కిల్ అనే మాట చేసే పని ఇదే. ఓడినవాడు ఆటని తప్పుపట్టడు, తనని తాను తిట్టుకుని ఇంకొకటి ఆడతాడు.

ఇక పోకర్ నాగరికం, పేకాట నాటు అనే మాటకొద్దాం. క్లబ్స్‌ని మనం కళావర్ అంటాం, డచ్చివాళ్ళు క్లావరెన్ అంటారు. హార్ట్స్ మనకి ఆఠీను, వాళ్ళకి హార్టెన్. ట్రంప్ మనకి తురుపు, వాళ్ళకి త్రూఫ్. ఇస్పేటుకి పోర్చుగీసు ఎస్పాదా చుట్టం. డచ్చి కంపెనీ మచిలీపట్నంలో దిగింది 1605లో. ఈ మాటలు పక్కపక్కన పెట్టి ఒకసారి పైకి చదవండి, ఓడరేవు వాసన వస్తుంది. (మన పత్రికలు రోజూ వాడే 'తురుపు ముక్క' అనే రాజకీయ మాట కూడా ఆ సరుకే.) కన్యాశుల్కంలో మధురవాణి, పోలిశెట్టి, సిద్ధాంతి, భుక్త కూర్చుని ఆడింది ఈ ముక్కలతోనే.

పోకర్ పుట్టుక ఏమన్నా ఇంతకన్నా గొప్పదా? పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో రూపు కట్టి, మిసిసిపీ నది పడవల మీద పెరిగింది. ఆ పడవల్లో నైపుణ్యం అంటే ప్రయాణికుల జేబులు ఖాళీ చెయ్యడం. 1835లో ఆ నది ఒడ్డునే ఉన్న విక్స్‌బర్గ్ ఊరివాళ్ళు ఐదుగురు జూదరుల్ని విచారణ లేకుండా ఉరితీశారు. దానికి తర్వాత టీవీ కెమెరాలు, టోర్నమెంట్లు తగిలాయి. 2003 వరల్డ్ సిరీస్‌లో ఆన్‌లైన్ ఎంట్రీతో వచ్చిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. అప్పట్నుంచి ప్రతి ఉద్యోగికీ అదే కల. ఆ ఏడాది ఆడినవాళ్ళు 839 మంది. మిగతా 838 మంది గురించి ఎవరూ పుస్తకం రాయరు.

పుస్తకం అంటే గుర్తొచ్చింది. మాజీ పోకర్ ప్లేయర్ ఆనీ డ్యూక్ రాసిన 'థింకింగ్ ఇన్ బెట్స్' మా ఆఫీసుల్లో భగవద్గీత. ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని తూచొద్దని ఆమె చెప్పేది నిజమే, నాకూ పనికొచ్చింది. కానీ జీతం పడేవాడికి అది పాఠం. కౌలు కట్టాల్సినవాడికి ఫలితమే అంతా.

పల్నాడుకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మా వీరగాథ మలుపు తిరిగేదే పందెం మీద. నాగమ్మ కోడి గెలిచింది, బ్రహ్మనాయుడి వైపు వాళ్ళు ఏడేళ్ళు మాచర్ల వదిలి పోయారు. కారెంపూడిలో ఐదు రోజులు జరిగే వీరారాధనలో నాలుగో రోజు పేరు ఇప్పటికీ కోడిపోరు. ఆ రోజున ఎవరి కోడికి నైపుణ్యం ఎక్కువని ఎవరూ అడగరు. ఓడినవాళ్ళు ఏమైపోయారన్నదే కథ.

ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం తెచ్చి స్కిల్ అయినా లక్ అయినా ఒకటే అంది. నిషేధం ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి గానీ, ఆ రెండింటి మధ్య గీత చెరిపెయ్యడం నాకు నచ్చింది. మావాళ్ళు మాత్రం దేశం మేధస్సుని అవమానించిందన్నట్టు మాట్లాడుతున్నారు.

అలా మాట్లాడేవాళ్ళలో ఒకణ్ణి మొన్న అడిగాను, మీ శనివారం టేబుల్ దగ్గర ఎక్కువ పోగొట్టుకునేది ఎవరని. కాసేపు ఆలోచించి, కొత్తగా చేరిన ఫ్రెషర్ పేరు చెప్పాడు. ప్రతివారం వాడేనా అన్నాను.

"నేర్చుకుంటున్నాడు బ్రో" అన్నాడు.