సూదిమొనతో అలసట తీరునా?

వార్షిక క్రీడోత్సవాలు ముగిసిన మరునాడు గోడ పట్టుకొని మెట్లు దిగే సహోద్యోగులను ఏటేటా చూస్తూనే ఉన్నాము. కోల్‌కతాలోని మన మిత్రులు కొందరు ఇట్టి బాధకు ఆక్యుపంక్చర్‌ను ఆశ్రయిస్తున్నారట. అది ఎంతవరకు సబబో తెలుపవలసిందని పాఠకులు కోరారు.

ఈ వైద్యం ఆ నగరానికి చేరిన తీరు చెప్పుకోదగినది. జపాను దండయాత్రకు గురైన చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే అసువులు బాశారు. కలకత్తా వాస్తవ్యులు డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1943లో తిరిగివచ్చారు. అనంతరకాలంలో వారు చైనాలోనే ఈ విద్య నభ్యసించి, 1959లో కలకత్తాలో చికిత్స ఆరంభించారు. పశ్చిమ బెంగాల్‌లో 1996లో దీనికొక చట్టమే వచ్చింది.

ఇక అసలు విషయం. అలసట అనగానే ఇంజనీర్లకు లోహపు అలసట స్ఫురిస్తుంది. ఇరుసులో పుట్టిన బీట తనంతట పూడదు. కండరం అట్లు కాదు. అలవాటు లేని శ్రమ చేసినపుడు, ముఖ్యంగా వాలు దిగునపుడు, కండరం సాగుతూ బరువును ఆపవలసి వస్తుంది. అప్పుడు తంతువులలో సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. నొప్పి 24 నుండి 72 గంటల మధ్య హెచ్చి, సాధారణంగా వారంలోపు అణగిపోతుంది. లాక్టిక్ ఆమ్లమే కారణమని ఇంకను చెప్పుకుంటారు గాని, అది గంట రెండు గంటలలోనే రక్తంనుండి తొలగిపోతుంది!

తనంతట తగ్గే నొప్పికి ఏ వైద్యం చేసినా గుణమిచ్చినట్లే తోస్తుంది. అందుకే పరిశోధకులు అసలు సూదులను ఉత్తుత్తి సూదులతో పోల్చి చూస్తారు. ఆ ఫలితాలు ఏకముఖంగా లేవు. సూది వలన శరీరంలో ఎండార్ఫిన్లు విడుదలై నొప్పి తగ్గవచ్చునని 1970ల ప్రయోగాలు సూచించాయి. చీలిన తంతువు త్వరగా అతుకుతుందనుటకు మాత్రం గట్టి రుజువు లేదు.

మోకాటిచిప్పకు నాలుగు వేళ్ల దిగువన, ముంగాలి ఎముకకు వెలుపలివైపున 'జు సాన్ లి' అనే బిందువు కలదు. అచట గుచ్చితే అలసిన బాటసారి మరి మూడు 'లీ'లు, అనగా సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు, నడువగలడని చైనీయుల ప్రతీతి. మా భయం సరిగ్గా అదే. నొప్పి మందగించిందని మరునాడే పరుగు తీస్తే గాయం ముదురుతుంది.

సూదులు వేయించుకోదలచినవారు శిక్షణ పొందినవారినే ఆశ్రయించాలి. ఒక్కసారి వాడి పారవేసే సూదులనే కోరాలి. లేకున్న కామెర్ల వైరస్ సోకే ప్రమాదముంది. తీవ్ర శ్రమ తరువాత మూత్రం ముదురు గోధుమరంగుకు మారితే, సూదుల మాట పక్కనబెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కండరపు పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలకు హాని చేస్తున్నదనుటకు అది సూచన కావచ్చును.