ఎగరని నౌకలకు కాగితపు రూపం

ఏ కళలోనైనా లోకం కంటబడేది ఎంపికైన రూపం ఒక్కటే. ఆ ఒక్కటీ నిలబడటానికి ముందు కళాకారుని బల్లమీద ఎన్ని రూపాలు పుట్టినవో, ఎన్ని పక్కకు పోయినవో లోకం అడుగదు. ఉత్తీర్ణులైనవారి నెంబర్లే పత్రికలో పడినట్లు, రూపకల్పనలోనూ నెగ్గినదానికే పేరు. తక్కినవి సొరుగు అడుగుకు చేరి, కొన్నాళ్ళకు పాత కాగితాలవానికి తూకానికి పోతాయి. వైజ్ఞానిక కల్పనా చిత్రాల కోసం గీసి, వాడకుండా వదలివేసిన నక్షత్రనౌకల బొమ్మలకూ చాలావరకు ఇదే గతి. అయితే అటువంటి బొమ్మలను తీసుకొని, అచ్చువేసి, కత్తిరించి, అతికించుకోదగిన నమూనా కిట్లుగా మార్చే అభిరుచి నేడు పలు దేశాలలో పెరిగింది. ఇది పిల్లలాట అని తోసిపుచ్చదగినది కాదనీ, ఇందులో గణితమూ, కళా, న్యాయమూ మూడూ ఇమిడి ఉన్నాయనీ, మన కళాశాలలో దీనికి చోటు కల్పించాలనీ విద్యార్థి మిత్రులకూ, కమిటీ పెద్దలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాడలేదు అంటే పనికిరాలేదని అర్థం కాదు. 1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రంలో కథానాయకుల నౌకకు కోలిన్ కాంట్‌వెల్ అనే రూపశిల్పి తొలి ఆకృతి నిచ్చాడు. దానినిబట్టి పొడవాటి నమూనా ఒకటి తయారైంది. అది 1975లో టెలివిజన్‌లో మొదలైన ‘స్పేస్: 1999’ ధారావాహికలోని ఈగిల్ నౌకను పోలి ఉన్నదన్న కారణాన దర్శకుడు జార్జి లూకాస్ దానిని మార్పించాడు. తరువాత జో జాన్‌స్టన్ చేతిలో గుండ్రని మిలీనియం ఫాల్కన్ రూపుదిద్దుకొన్నది. పాత నమూనా మాత్రం చెత్తబుట్టకు పోలేదు. కొద్ది మార్పులతో తిరుగుబాటుదారుల నౌకగా మారి, చిత్రం ప్రారంభ దృశ్యంలోనే తెరకెక్కింది.

మరొక ఉదాహరణ. 1976-77 ప్రాంతంలో ‘స్టార్ ట్రెక్: ప్లానెట్ ఆఫ్ ది టైటన్స్’ అనే చిత్రాన్ని తలపెట్టినప్పుడు రాల్ఫ్ మెక్వారీ అనే చిత్రకారుడు వెనుకభాగం త్రికోణాకారంలో ఉండే కొత్త ఎంటర్‌ప్రైజ్ నౌకను చిత్రించాడు. నౌక సంగతి అటుంచి, చిత్రమే ఆగిపోయింది. దాదాపు నలభై ఏళ్ళకు, 2017లో ప్రారంభమైన ‘స్టార్ ట్రెక్: డిస్కవరీ’ ధారావాహికలోని ప్రధాన నౌకకు ఆ పాత బొమ్మే మూలమైంది.

సినిమాల మాట అట్లుండగా, నిజమైన శాస్త్రజ్ఞులు గీసిన నౌకలు సైతం ఈ కోవలో ఉన్నవి. 1973-78 మధ్య బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ సభ్యులు ‘డేడలస్’ అనే రెండంచెల నౌకకు రూపకల్పన చేశారు. దాని బరువు 54,000 టన్నులు. అందులో 50,000 టన్నులు ఇంధనమే. కాంతి వేగంలో 12 శాతం అందుకొని, మనుషులు లేకుండా, సుమారు 50 ఏళ్ళలో బర్నార్డ్ నక్షత్రం దాటిపోవాలని వారి లెక్క. దానిని ఎవరూ నిర్మించలేదు, ఇప్పట్లో నిర్మించగలవారూ లేరు. అయినా ఆ లెక్కలు, ఆ పటాలు నేటికీ చదువదగినవి.

అంత దూరం పోనక్కరలేదు. మన కృష్ణ ఆవలి ఒడ్డున అమరావతి శాసనసభా భవనాలకు జపాన్ దేశపు మాకీ సంస్థ ఇచ్చిన రూపకల్పన 2016లో ఎంపికై, ఆ పిమ్మట పక్కకు పోయింది. ఆ పని బ్రిటన్‌కు చెందిన ఫాస్టర్ సంస్థకు దక్కింది. ఏది మేలో తేల్చడం ఇక్కడ నా పని కాదు. కాని ఆ తొలి రూపాన్ని చూడగోరే విద్యార్థికి నాటి పత్రికలలోని బొమ్మలే నేడు దిక్కు. వాటిని నాలుగు అట్టల మీద అచ్చువేసి నమూనాగా అందించేవారుంటే, రెండు రూపాలనూ బల్లమీద పక్కపక్కన పెట్టి, ఎందుకు ఒకటి పోయింది, ఎందుకు మరొకటి వచ్చింది అని ప్రజలే ఆలోచించుకోగలిగేవారు. పక్కకు పెట్టిన రూపాన్ని భద్రపరచడంవల్ల మొదటి ప్రయోజనం ఇదే. ఎంపికను అర్థం చేసుకోవాలంటే ఎంపిక కానిదానిని చూడక తప్పదు.

రెండవ ప్రయోజనం చేతికి సంబంధించినది. చిత్రం ఒక్క వైపే చూపిస్తుంది. చిత్రకారుడు వెలుగునీడలతో మెప్పించి, వెనుకవైపు సంగతి దాటవేయవచ్చు. నమూనా అట్లా దాటవేయలేదు. రెక్క మొండేనికి ఎక్కడ కలుస్తున్నదో, ఇంజను ఏ కొలతలో ఉన్నదో ప్రతి వైపునుంచీ జవాబు చెప్పవలసిందే. 1206లో యంత్రశిల్పాల మీద మహాగ్రంథాన్ని పూర్తిచేసిన అల్ జజరీ, తన యంత్రాల రూపాన్ని నిర్ధారించుకోవడానికి ముందుగా కాగితపు నమూనాలు చేసి చూసేవాడని చరిత్రకారులు చెబుతారు. ఎనిమిది వందల ఏళ్ళ క్రిందటి ఆ మేధావికి తక్కువనిపించని పని మనకు తక్కువ ఎట్లా అవుతుంది?

మన ఊరికి 20 కిలోమీటర్ల దూరాన ఉన్న కొండపల్లి కళాకారుడు చేసే పనీ ఇటువంటిదే. తెల్లపొనికి కర్రలో అంబారీని, ఏనుగును, మావటివానిని విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆ పైన రంగులు దిద్దుతాడు. భాగాలుగా ఆలోచించడం, అతుకు కనబడకుండా కలపడం అతని విద్య. కాగితపు కిట్టు తయారీదారుకు కావలసినదీ ఆ విద్యే, కర్రకు బదులు అట్ట.

ఈ పనిలోని గణితం ఏమిటో కొంత వివరిస్తాను. కాగితం వంగుతుంది గాని సాగదు. కాబట్టి చదునుగా విప్పదగిన ఆకారాలే దానికి లొంగుతాయి. 2 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టాన్ని విప్పితే 6.28 సెంటీమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రం వస్తుంది. శంకువును విప్పితే వృత్తఖండం వస్తుంది. అడుగు వ్యాసార్థం 2 సెంటీమీటర్లు, ఏటవాలు ఎత్తు 8 సెంటీమీటర్లు అయితే ఆ ఖండం సరిగ్గా 90 డిగ్రీలు. కాని గోళం ఏ విధంగానూ చదునుగా విప్పబడదు. దీనిని 1827లో గౌస్ నిరూపించాడు. బత్తాయి తొక్కను బల్లమీద పరచి చూసినవారికి నిరూపణతో పని లేకుండానే ఆ సంగతి తెలుస్తుంది. అందువల్ల డేడలస్ నౌకలోని గోళాకారపు ఇంధన ట్యాంకులను కాగితంతో చేయాలంటే, తొనల వంటి పన్నెండు సన్నని పట్టీలుగా కోసి కూర్చవలసి ఉంటుంది. తొనల సంఖ్య పెంచితే నునుపు పెరుగుతుంది, ఓపిక తరుగుతుంది. ఈ రెంటి మధ్య రాజీ కుదర్చడమే రూపకర్త నేర్పు.

కొలత విషయం చూడండి. 1966 నాటి ధారావాహికలోని ఎంటర్‌ప్రైజ్ పొడవు 289 మీటర్లుగా చెబుతారు. వెయ్యికి ఒకటి చొప్పున తగ్గిస్తే 28.9 సెంటీమీటర్లు. మనం రోజూ వాడే ఏ4 కాగితం పొడవు 29.7. నిలువునా పట్టీ పట్టనట్లు ఇముడుతుంది. ఇక కాగితం మందం సంగతి. పావు మిల్లీమీటరు మందం గల అట్టతో ఒక గొట్టంలో మరొక గొట్టం దూర్చాలంటే లోపలిదాని చుట్టుకొలతను ఒకటిన్నర మిల్లీమీటరుకు పైగా తగ్గించాలి. తగ్గించకపోతే అది లోపలికి పోదు. అచ్చువేసేటప్పుడు యంత్రం పేజీకి సరిపెట్టే నెపంతో కొలతను తనంతట తాను కుదించివేస్తుంది. అందుకని ప్రతి పేజీ అంచునా 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీసి ఉంచితే, స్కేలు పెట్టి సరిచూసుకోవచ్చు. అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒకటున్నది. కిట్టును గీసినవాడు తాను అతికించి చూసుకొని తృప్తిపడరాదు. దాని ముఖం ఎన్నడూ చూడని మరొకరికిచ్చి, పక్కన కూర్చుండి, నోరు మెదపకుండా గమనించాలి. వారు తడబడిన చోటల్లా లోపం సూచనల పత్రంలోనే ఉన్నదని ఎంచాలి.

ఇక న్యాయం సంగతి. నౌకను ఊహించినవాడు ఒకడు, దానిని కాగితంపైకి విప్పేవాడు మరొకడు. వాడలేదు కదా అని మొదటివాని హక్కు పోదు. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకళకు చిత్రకారుని జీవితకాలమూ, ఆపైన 60 సంవత్సరాలూ రక్షణ ఉన్నది. సొంతానికి, అధ్యయనానికి న్యాయమైన మేరకు వాడుకొనేందుకు చట్టం వెసులుబాటు ఇస్తుంది. అచ్చువేసి అమ్ముకొనడానికి అనుమతి కావాలి. చట్టానికి మించిన ధర్మం కూడా ఒకటున్నది. పేటిక మీద మొట్టమొదట ఊహించినవాని పేరు ఉండాలి. ఒకసారి మరుగున పడిన కళాకారుణ్ణి పేరు తుడిచివేసి రెండవసారి మరుగుపరచడం కంటె అన్యాయం లేదు. అస్పష్టమైన వైపులను కిట్టు తయారీదారు తానే ఊహించి పూరించినప్పుడు, ఇంతవరకు వారిది, ఇక్కడినుంచి నాది అని స్పష్టంగా వ్రాయడం కూడా ఆ ధర్మంలో భాగమే.

దీనికి కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. పరదేశపు సినిమాల నౌకలను కత్తిరించుకుంటూ కూర్చుంటే మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా అని. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేము. మన విద్యార్థులలో ఎక్కువమంది ఫీజు కట్టడానికే ఇబ్బంది పడే కుటుంబాలవారు. కాని ఇందుకు కావలసినవేమిటి? దళసరి అట్టలు, కత్తెర, బ్లేడు, స్కేలు, జిగురు, మడత గీతలు నొక్కడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్ను. అచ్చుకు గవర్నర్‌పేటలోని ఏ జిరాక్సు దుకాణమైనా చాలును. ఆకారాన్ని విప్పి చూపే బ్లెండర్ వంటి కంప్యూటర్ సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. త్రీడీ ప్రింటరు కొనుగోలుకు నిధులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఖరీదైన యంత్రం లేని విద్యార్థికి మూడు కొలతల ఆలోచనను నేర్పగల బడి కాగితమే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన కసీని వంటి వ్యోమనౌకలకు కాగితపు నమూనాలను ఉచితంగా పంచిపెట్టింది. ఆ సంస్థకు ప్రింటర్లు లేక కాదు గదా! పరదేశపు నౌకలే అక్కరలేదన్నది మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఆ చిత్రాలు అభ్యాసానికి పాఠాలు. గమ్యం మన చిత్రాలు.

కాబట్టి కమిటీ పెద్దలకు ఒక సూచన. వైజ్ఞానిక ప్రదర్శనలకు, సంచిక ముఖచిత్రానికి విద్యార్థులు బొమ్మలు గీసి ఇస్తారు. ఒకటి ఎంపికవుతుంది. తక్కినవాటిని పారవేయకుండా ఒక దస్త్రంలో, గీసినవారి పేరుతో సహా భద్రపరచండి. వాటిలో నౌకగానో, వంతెనగానో, కట్టడంగానో నిలబెట్టదగినదానిని ఏటా ఒకటి ఎన్నుకొని, గణిత విభాగమూ, చిత్రకళ తెలిసిన విద్యార్థులూ కలిసి కాగితపు కిట్టుగా రూపొందించనివ్వండి. దానిని వచ్చే వార్షిక సంచికలో అచ్చువేయండి. మన సంచికలో తెలుగు ఎడమనుంచి, ఉర్దూ కుడినుంచి మొదలై నడుమ కలుసుకుంటాయి. ఆ నడిమి రెండు పేజీలే ఈ కిట్టుకు తగిన తావు. సూచనలు ఇటు తెలుగులో, అటు ఉర్దూలో ఉన్నా భాగాల అంకెలు ఒక్కటే, మడత గీతలు ఒక్కటే. ఒక భాషలో తడబడిన విద్యార్థి పక్కవానిని అడిగి తెలుసుకుంటాడు.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు ఏదో ఒక పోటీలో, ఏదో ఒక ఎంపికలో వెనుకబడిన గీతలను దాచుకొని ఉంటారు, లేదా చించివేసి ఉంటారు. ఎంపిక చేసేవారికి ఆనాడు స్థలం తక్కువ, సమయం తక్కువ, లేదా అక్కర వేరు. మీ గీత విలువను అది తేల్చివేయదు. ఆ విలువ తేలవలసింది అది నిలబడినప్పుడు. ఒక అట్ట తీసుకొని, కొలిచి, కోసి, మడిచి చూడండి. నిలబడితే సంతోషించండి. కూలితే ఏ అతుకు దగ్గర కూలిందో పరిశీలించి, మరొక అట్ట తీసుకోండి.