వీఎం బూట్ కావట్లేదా? డిస్క్‌ను బయటి నుంచే తెరవొచ్చు!

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ దెబ్బకు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. నిజానికి తీసేయాల్సింది ఒక్క ఫైలే! కానీ క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్ ఆన్ కాకపోతే లోపలికి వెళ్లేదెలా? చాలాచోట్ల డిస్క్‌ను విడదీసి, మరో మెషీన్‌కు తగిలించి ఆ ఫైల్ తొలగించారు.

ఇలాంటి పనుల కోసమే 2009లో రెడ్‌హ్యాట్ ఇంజినీర్ రిచర్డ్ జోన్స్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ టూల్ లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్. మెషీన్ బూట్ చేయకుండానే డిస్క్ ఇమేజ్‌లోని ఫైళ్లు చూడొచ్చు, మార్చొచ్చు. పైసా ఖర్చు లేదు. బెజవాడ భవానీపురంలో లినక్స్ ల్యాప్‌టాప్ ఉన్న ఇంజినీరింగ్ కుర్రాడైనా ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. అయితే నడుస్తున్న మెషీన్ డిస్క్‌లో వేలు పెడితే డేటా గోవిందా! ముందు రీడ్-ఓన్లీలోనే చూడాలి. బిట్‌లాకర్ తాళం పడి ఉంటే మాత్రం, కీ లేనిదే ఏ టూలూ ఏమీ చేయలేదు.